క్లబ్ వెబ్‌సైట్‌కు వారసులెవరు?

హైదరాబాద్‌లో ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పక్కకు పడదు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న ప్రతి ఊరికీ ఇలాంటి రోజులు రెండుంటాయి. వీటిని శూన్యఛాయా దినాలంటారు. కాలేజీల్లోని ఖగోళ క్లబ్బులకు ఇది దాదాపు ఖర్చులేని ప్రయోగం. ఒక పైపు ముక్క, ఒక స్కేలు, సరైన సమయం చూపే ఫోను ఉంటే చాలు. చిక్కల్లా ఏమిటంటే మే నెలలో పరీక్షలో సెలవులో అడ్డొస్తాయి, ఆగస్టులో మబ్బులు అడ్డొస్తాయి. అందుకే కొలతలు ఏటా దొరకవు. దొరికిన ఏడాదివి జాగ్రత్తగా దాచుకోవాలి.

దాచుకోవలసింది అంకెలు మాత్రమే కాదు. పైపు నిజంగా నిటారుగా ఉందో లేదో మేస్త్రీలు వాడే తూకపు గుండుతో చూసుకోవాలని, సూర్యబింబం దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి నీడ అంచు మసకగా పడి ఎక్కడ కొలవాలో తేలదని, ఉత్తరానో దక్షిణానో దూరంగా ఉన్న ఊళ్లో అదే రోజు కొలిచే స్నేహితులుంటే రెండు కొలతలూ కలిపి భూమి చుట్టుకొలత లెక్కగట్టవచ్చని ఒక బ్యాచ్ కష్టపడి నేర్చుకుంటుంది. తర్వాతి బ్యాచ్ అక్కడి నుంచి మొదలుపెడితే కొలత మెరుగవుతుంది. అలా జరగడం అరుదు. ఒక ఏడాది పట్టిక ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోతుంది. మరో ఏడాదిది కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతాకు చెందిన డ్రైవ్‌లో ఉండి, చదువు ముగిశాక ఆ ఖాతాతో పాటే పోతుంది. ఇంకో ఏడాది ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్ స్టోరీగా పెట్టి ఊరుకుంటారు, అవి 24 గంటల్లో కనబడకుండా పోతాయి. క్లబ్‌కు ఒకప్పుడు వెబ్‌సైట్ ఉండేదని సీనియర్లు చెబుతారు. ఆ చిరునామా కొట్టి చూస్తే ఆన్‌లైన్ రమ్మీ ప్రకటన తెరుచుకుంటుంది.

విద్యార్థి సంఘాల వెబ్‌సైట్లు ఇలా పోవడాన్ని చాలామంది సాంకేతిక సమస్యగా చూస్తారు. మంచి సర్వర్ దొరకలేదంటారు, కోడింగ్ బాగా వచ్చినవాళ్లు లేరంటారు, కాలేజీ డబ్బివ్వలేదంటారు. కోడింగ్ బాగా వచ్చినవాళ్లున్న క్లబ్బుల సైట్లూ ఇలాగే పోతున్నాయన్నది మాత్రం గమనించరు. అసలు సమస్య వారసత్వానిది. నాలుగేళ్ల కోర్సులో క్లబ్ సభ్యులంతా నాలుగేళ్లకు పూర్తిగా మారిపోతారు. బాధ్యతలు చూసే కార్యవర్గమైతే ఏడాదికే మారుతుంది. కాబట్టి సైట్ కట్టేటప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: కట్టినవాళ్లు వెళ్లిపోయాక రెండేళ్లపాటు ఎవరూ ముట్టుకోకపోయినా ఇది నిలుస్తుందా? ఈ ప్రశ్నకు ఇప్పుడున్న సమాధానాల్లో నమ్మదగ్గది స్టాటిక్ వెబ్‌సైట్. అదైనా సగం సమాధానమే.

స్టాటిక్ సైట్ అంటే ఏమిటో టిఫిన్ సెంటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. ఇడ్లీలు ఒక వాయి ముందే ఉడికించి పెడతారు. అడిగినవాళ్లకు తీసి ప్లేటులో వేయడమే పని. దోసె అలా కాదు. అడిగినప్పుడల్లా పెనం మీద పోయాలి, పెనం దగ్గర పని తెలిసిన మనిషి నిలబడే ఉండాలి. వర్డ్‌ప్రెస్ లాంటి డైనమిక్ సైట్లు దోసె పద్ధతివి. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు సర్వర్‌లో ఒక ప్రోగ్రాం నడుస్తుంది, డేటాబేస్‌లోంచి సమాచారం తెస్తుంది, పేజీని అప్పటికప్పుడు తయారుచేసి పంపుతుంది. స్టాటిక్ సైట్‌లో పేజీలన్నీ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా ముందే సిద్ధంగా ఉంటాయి. అడిగిన ఫైలు తీసి ఇవ్వడం తప్ప సర్వర్‌కు వేరే పని లేదు. డేటాబేస్ లేదు కాబట్టి అది చెడిపోయే ప్రశ్నే లేదు. బయటివాళ్లు దూరడానికి ఉండే సందులు కూడా చాలా తక్కువ.

ఈ పద్ధతి వెబ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్ పరిశోధన కేంద్రంలో లోకానికి తెరిచిన తొలి వెబ్‌సైట్ ఇలాంటి ఫైళ్ల కట్టే. 2013లో సెర్న్ దాన్ని మొదటి చిరునామాలోనే తిరిగి నిలబెట్టింది. అలా పెట్టిన ప్రతి 1992 నాటిది. ఇవాళ్టి ఫోన్‌లో కూడా ఆ పేజీని ఏ అడ్డంకీ లేకుండా చదువుకోవచ్చు. ముప్పై ఏళ్లు దాటినా ఫైళ్లు పాడవలేదు, అయినా వాటిని వెతికి తెచ్చి చిరునామాలో పెట్టడానికి మనుషులు కావలసి వచ్చింది. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవు. అది వెబ్ మొత్తం మీద తీసిన లెక్క. ఏటా కార్యవర్గం మారే విద్యార్థి సంఘాల పేజీలు అంతకంటే మెరుగ్గా బతుకుతాయని ఆశించడానికి కారణమేదీ కనబడదు.

స్టాటిక్ సైట్ కట్టడం ఇప్పుడు కష్టమైన పనేమీ కాదు. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో లాంటి ఉపకరణాలు ఉచితం. విద్యార్థి చేయవలసిందల్లా మార్క్‌డౌన్ అనే తేలికైన పద్ధతిలో మామూలు టెక్స్ట్ ఫైలు రాయడం. శీర్షిక ముందు ఒక గుర్తు, ఒత్తి చెప్పవలసిన మాటకు అటూ ఇటూ చుక్క గుర్తులు, అంతే. ఉపకరణం ఆ ఫైళ్లన్నింటికీ ఒకే అచ్చు పోసి హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మారుస్తుంది. గిట్ అనే వ్యవస్థ ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో లెక్క రాస్తుంది. ఆ ఫైళ్లను గిట్‌హబ్‌లో పెడితే 2008 నుంచీ ఉన్న గిట్‌హబ్ పేజెస్ సేవ వాటిని ఉచితంగా లోకానికి చూపిస్తుంది. ఐఐటీ బొంబాయి ఖగోళ క్లబ్ కృత్తిక సైట్ నడిచింది ఈ దారిలోనే. ఇందులో సైట్ మొత్తం ఒక గిగాబైట్ మించకూడదన్న పరిమితి ఉంది. వెయ్యి పదాల తెలుగు వ్యాసం పాతిక కిలోబైట్లకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి రాతలతో ఆ పరిమితి దాటడం ఎవరివల్లా కాదు. ఫోన్ కెమెరా ఫొటో ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లనుకుంటే మాత్రం 250 ఫొటోలకే గిగాబైట్ నిండిపోతుంది. టెక్ ఫెస్ట్ ఫొటోలన్నీ కుదించకుండా తెచ్చి కుమ్మరించే అలవాటును మొదటి ఏడాదే మాన్పించాలి.

ఉచితంగా వచ్చేవన్నీ ఒకలాంటివి కావు. డాట్ టీకే, డాట్ ఎంఎల్ లాంటి చిరునామాలను ఏళ్ల తరబడి ఉచితంగా పంచిన ఫ్రీనామ్ సంస్థ 2023లో కొత్త నమోదులు ఆపేసింది. మరుసటి ఏడాది ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కాలేజీ ప్రాజెక్టుల సర్వర్లకు పెద్ద ఆసరాగా ఉండిన హెరోకు ఉచిత సేవ 2022 నవంబర్ 28తో ముగిసింది. గిట్‌హబ్ విద్యార్థులకిచ్చే ప్యాకేజీలో డాట్ మీ చిరునామా ఒక ఏడాది ఉచితం. రెండో ఏడాది రుసుము కట్టమని వచ్చే ఈమెయిల్ అప్పటికి ఉద్యోగంలో చేరిపోయిన సీనియర్ పాత పెట్టెలో పడుతుంది. గడువు తీరిన చిరునామాలను కనిపెట్టి కొనేవాళ్లు ఉంటారు. వాళ్లకు కావలసింది ఆ పేరుకు అప్పటికే ఉన్న లింకులు, గూగుల్‌లో దానికున్న పరపతి. రమ్మీ ప్రకటన అక్కడికి వచ్చింది అలాగే. స్టాటిక్ ఫైళ్లకు ఉన్న అసలు బలం ఇలాంటి వేళ తెలుస్తుంది. గిట్‌హబ్ రేపు ఉచిత సేవ ఆపేసినా, అదే ఫోల్డర్‌ను సాయంత్రానికల్లా మరో చోట పెట్టవచ్చు. ఫైళ్లు క్లబ్ దగ్గర ఉంటే ఏ సంస్థ దయా అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో వేలమంది చూస్తుంటే వెబ్‌సైట్ ఎవరిక్కావాలని. రేపు సాయంత్రం టెలిస్కోప్ పెడుతున్నామని చెప్పడానికి ఇన్‌స్టాగ్రామ్‌నో వాట్సాప్‌నో మించింది లేదన్నది నిజమే. ఆ పనికి వెబ్‌సైట్ వాడమనడం చాదస్తం. కానీ దండోరా వేరు, దస్తావేజు వేరు. ఊళ్లో దండోరా వేసినంత మాత్రాన రిజిస్ట్రారు ఆఫీసు అక్కర్లేదని ఎవరూ అనరు. ఒక తరం తెలుగు విద్యార్థులు తమ కాలేజీ జీవితమంతా ఆర్కుట్‌లో రాసుకున్నారు. 2014 సెప్టెంబర్ 30న అది మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో పోయాయి. వాటిలో ఉన్నదంతా విలువైనదేం కాదు. విలువైనది ఏదో తేల్చుకునే అవకాశం మాత్రం తర్వాతివాళ్లకు లేకుండా పోయింది.

రెండో అభ్యంతరం కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల నుంచి వస్తుంది, అది ఇంకొంచెం బరువైనది. హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు పెట్టడంలో నేర్చుకునేది ఏముంది, డేటాబేస్‌తో, లాగిన్‌తో, రియాక్ట్‌తో కడితేనే కదా రెజ్యూమెలో రాసుకోవడానికి పనికొస్తుంది అని. నేర్చుకోవాలనే కోరికను తప్పుపట్టనక్కర్లేదు. నేర్చుకోవడానికి వేరే ప్రాజెక్టులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. నలుగురూ దాచుకున్న సొత్తు ఉన్న చోట ప్రయోగాలు చేయకూడదు. ఈ మోజు వల్ల జరిగే అసలు నష్టం సైట్ పాడవడం కంటే పెద్దది. కొత్తగా వచ్చిన ప్రతి వెబ్ కార్యదర్శికీ సైట్ మొత్తం కొత్తగా కట్టాలనిపిస్తుంది. ఒకరు జెకిల్‌లో కట్టినదాన్ని తర్వాతివారు రియాక్ట్‌లోకి మారుస్తారు, ఆ తర్వాతివారు నెక్స్ట్ జేఎస్ అంటారు. మార్చిన ప్రతిసారీ పాత పేజీల్లో కొన్ని కొత్త ఇంట్లోకి రావు. వచ్చినవాటి చిరునామాలు మారిపోతాయి. వికీపీడియాలోనో, ఎవరి పరిశోధన వ్యాసంలోనో ఇచ్చిన లింకులు తెగిపోతాయి. బాగున్న చిరునామాలు మారకూడదని బెర్నర్స్-లీ 1998లోనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసి మొత్తుకున్నాడు. హ్యాకర్ల కంటే, ఉచిత సేవల మూసివేతల కంటే, ఉత్సాహవంతులైన కొత్త కార్యదర్శుల వల్లే విద్యార్థి సంఘాల చరిత్ర ఎక్కువగా పోతోందనడం అతిశయోక్తి కాదు. రంగులు, అచ్చు ఎన్నిసార్లయినా మార్చుకోనివ్వండి. పేజీ చిరునామాలూ పాత రాతలూ మాత్రం ముట్టుకోకూడదన్న ఒక్క నియమం క్లబ్ నియమావళిలో రాసుకోవాలి.

అలాగని స్టాటిక్ సైట్ పాతబడదనీ కాదు. తయారైన పేజీలు పాతబడవు. వాటిని తయారుచేసే యంత్రం పాతబడుతుంది. జెకిల్ నడిచేది రూబీ భాష మీద. 2020 డిసెంబర్‌లో రూబీ మూడో తరం విడుదలైనప్పుడు, అంతవరకు దానితో పాటే వచ్చే వెబ్రిక్ అనే చిన్న సర్వర్‌ను వేరుచేశారు. అంతే, సొంత కంప్యూటర్‌లో సైట్‌ను సరిచూసుకునే ఆదేశం ఎందరికో పనిచేయడం మానేసింది. సరిచేయడానికి ఒక్క వరుస చాలు. ఆ ఒక్క వరుస తెలియని రెండో సంవత్సరం విద్యార్థికి మాత్రం సైట్ చచ్చిపోయినట్టే కనబడుతుంది. అప్పుడు చేసేది ఏమిటి? మళ్లీ మొదటి నుంచి కొత్త సైట్ కట్టడం. హ్యూగో ఈ విషయంలో కాస్త నయం. అది ఒకే ప్రోగ్రాం ఫైలుగా వస్తుంది కాబట్టి ఏ వెర్షన్‌తో సైట్ కట్టారో ఆ ఫైలునే దాచి పెట్టుకోవచ్చు. ఎవరో తయారుచేసిన అందమైన థీమ్ దిగుమతి చేసుకుంటే మళ్లీ కథ మొదటికొస్తుంది. థీమ్ రాసినవాళ్లు దాన్ని వదిలేసిన రోజున అది క్లబ్ నెత్తిన పడుతుంది. నలభై పేజీల సైట్‌కు సొంతంగా రాసుకున్న ఒక పేజీ అచ్చు, వంద వరుసల స్టైల్ ఫైలు సరిపోతాయి. చూడ్డానికి సాదాగా ఉంటుంది. సాదాగా ఉండటం ఇక్కడ సుగుణం.

యంత్రం కంటే ముందు పోయేవి తాళంచెవులు. సైట్ గిట్‌హబ్ ఖాతా ఎవరి పేరున ఉంది? చిరునామా కొన్నది ఎవరి కార్డుతో? రెండో అంచె భద్రతకు వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకు వెళుతుంది? చాలా క్లబ్బుల్లో ఈ మూడింటికీ జవాబు ఒకే మనిషి. ఆ మనిషి మంచివాడే, ఫోన్ చేస్తే సాయం చేస్తాడు కూడా. కానీ నంబరు మారిపోతుంది, పాత ఫోను పోతుంది, పాస్‌వర్డ్ మరిచిపోతాడు. గిట్‌హబ్‌లో వ్యక్తిగత ఖాతాకు బదులు సంస్థ పేరిట ఖాతా తెరవవచ్చు, దానికి కనీసం ఇద్దరు యజమానులుండాలని గిట్‌హబ్ స్వయంగా సలహా ఇస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు క్లబ్‌ను చూసే అధ్యాపకులైతే నాలుగేళ్ల గండం గడుస్తుంది. చిరునామా విషయంలో అన్నిటికంటే మంచి దారి కాలేజీ డొమైన్ కిందే ఒక ఉపచిరునామా తీసుకోవడం. డాట్ ఏసీ డాట్ ఇన్ చిరునామాలను చూసేది ఎర్నెట్ ఇండియా. కాలేజీ ఉన్నంతకాలం అవి ఉంటాయి, రుసుము గురించి విద్యార్థులు తలపట్టుకోనక్కర్లేదు. ఇందులోనూ ఒక జాగ్రత్త అవసరం. క్లబ్ గిట్‌హబ్ సైట్‌ను తీసేసి, కాలేజీ వైపు దారి చూపే నమోదును అలాగే వదిలేస్తే, ఆ ఖాళీ చోట మరెవరైనా తమ పేజీ పెట్టి కాలేజీ పేరుతో చూపించగలరు. ఇల్లు ఖాళీ చేసి పేరు బోర్డు వదిలేసినట్టన్నమాట.

ఇక అప్పగింతలు. వీడ్కోలు పార్టీ నాటి సాయంత్రం పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపడాన్ని అప్పగింత అనరు. చివరి సంవత్సరం మొదలవుతూనే ప్లేస్‌మెంట్ల హడావుడి వచ్చిపడుతుంది కాబట్టి ఈ పని మూడో సంవత్సరంలోనే జరగాలి. చేయవలసిన తీరు కూడా ఒకటుంది. కొత్త విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో, సైట్‌తో పాటే ఉంచిన రీడ్‌మీ ఫైలు మాత్రమే చూసి, ఒక కొత్త పేజీ రాసి, లోకానికి కనబడేలా చేయాలి. పాత విద్యార్థి పక్కనే కూర్చోవాలి కానీ కీబోర్డు ముట్టుకోకూడదు, నోరు కూడా మెదపకూడదు. కొత్తవారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని అక్కడికక్కడే రాయాలి, రాసేది కొత్తవారే అయితే మరీ మంచిది. రెండు గంటల పని ఇది. ఏటా జరిగితే రీడ్‌మీ ఏటికేడాది చిక్కబడుతుంది. నేర్పే సీనియర్ ఎంత ప్రతిభావంతుడైతే అతని రీడ్‌మీ అంత పొట్టిగా ఉండటం ఒక విచిత్రం. తనకు తెలిసినదంతా అందరికీ తెలుసనుకుంటాడు.

తెలుగు రాష్ట్రాల క్లబ్బులకు భాష సంగతి కూడా ఉంది. క్లబ్ సైట్లు దాదాపు ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. పక్క మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలకు శూన్యఛాయా దినం గురించి చెప్పబోయే క్లబ్‌కు తెలుగు పేజీ ఒక్కటైనా ఉండాలి. తెలుగు లిపి 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే ఉంది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లపాటు తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి. ఆ ఫాంటు దొరకని కంప్యూటర్‌లో ఆ పేజీలు ఇవాళ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుట్టలు. 1998లో మొదలైన ఈమాట పత్రిక పాత సంచికలను ఇప్పుడు యూనికోడ్‌లో చదువుకోగలుగుతున్నామంటే ఎవరో పూనుకొని మార్చిపెట్టడం వల్లే. డీటీపీ చేయించిన కరపత్రాన్ని అలాగే సైట్‌లో పెట్టకూడదనడానికి కారణం ఇదే. మరో చిన్న చిక్కు. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలుంటే, కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షర సంకేతం తొమ్మిది గుర్తుల వరుసగా విడిపోతుంది. వాట్సాప్‌లో అది చాంతాడంత లింకు. పేజీ తెలుగులో రాసి చిరునామా మాత్రం రోమన్ లిపిలో పొట్టిగా పెట్టుకోవడం ప్రస్తుతానికి తెలివైన పని. ప్రత్యేకమైన తెలుగు ఫాంట్లు దించనక్కర్లేదు, ఇవాళ్టి ఫోన్లన్నింటిలోనూ తెలుగు ఉంది.

సైట్ ఎక్కువకాలం నిలవాలని కోరుకునేటప్పుడు ఏది నిలవకూడదో కూడా ఆలోచించాలి. సంప్రదించవలసినవారంటూ విద్యార్థినుల ఫోన్ నంబర్లు పెట్టిన పేజీలు పదేళ్ల తర్వాత కూడా గూగుల్‌లో దొరకడం ఎవరికీ మంచిది కాదు. గిట్ పాత మార్పులన్నింటినీ దాస్తుంది. ఈరోజు పేజీలోంచి తీసేసిన నంబరు చరిత్రలో అలాగే ఉంటుంది. తర్వాత తుడవడం పెద్ద పని, మొదట్లోనే పెట్టకపోవడం తేలిక. మొదటి సంవత్సరం విద్యార్థుల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లుంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది. క్లబ్ ఈమెయిల్ ఒకటి, పనిచేసినవాళ్ల పేర్లు వాళ్ల అనుమతితో, అంతకుమించి అక్కర్లేదు.

మరి సైట్‌లో ఏముండాలి? రాబోయే కార్యక్రమాల ప్రకటనలు కాదు. అవి మర్నాటికే పాచిపోతాయి. గత ఏడాది దీపావళి వర్క్‌షాప్‌కు రిజిస్టర్ చేసుకోండి అని మెరిసే బ్యానరు చూస్తే సైట్ గాలికి పోయిందని ఇట్టే తెలిసిపోతుంది. ఉండవలసింది జరిగిపోయినవాటి వివరం. ఏటా ఫిబ్రవరిలో దేశంలోని ఎన్నో ప్రాంగణాల్లో క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. విద్యార్థులు లెక్కించిన పక్షుల జాబితా ఈబర్డ్‌లోకి చేరుతుంది, అక్కడ భద్రంగా ఉంటుంది. కానీ ఆ ఏడాది హాస్టల్ వెనక చెరువు ఎండిపోయిందని, గుడ్లగూబలున్న చెట్టును కొత్త బ్లాకు కోసం కొట్టేశారని, పొద్దున ఆరింటికి బదులు ఎనిమిదింటికి బయలుదేరారు కాబట్టి జాబితా చిన్నదైందని రాసిపెట్టుకోవలసింది క్లబ్బే. అంకె ఎందుకు తగ్గిందో చెప్పేది ఈ రాతలే. పట్టికలను చిత్రాలుగా కాకుండా సీఎస్‌వీ ఫైళ్లుగా పెట్టాలి, అప్పుడే తర్వాతివాళ్లు వాటితో లెక్కలు చేయగలరు. విఫలమైన ప్రయోగాలకూ చోటుండాలి. మబ్బు పట్టి ఏమీ కనబడని ఆగస్టు 3 గురించి నాలుగు వాక్యాలు రాసిపెడితే, మే నెలలో ఎవరో ఒకరు ఊళ్లో ఉండేలా చూసుకోవాలని మరుసటి ఏటి కార్యవర్గానికి తడుతుంది.

కాలేజీల బాధ్యత ఇందులో చిన్నదే, కానీ తప్పించుకోలేనిది. సొంత చిరునామా కొన్నా ఏడాదికి అయ్యేది సాధారణంగా వెయ్యి రూపాయల లోపే, ఫెస్ట్‌కు కట్టే ఒక పెద్ద ఫ్లెక్సీ ఖర్చు. న్యాక్ బృందం వస్తుందంటే పాత కార్యక్రమాల జియోట్యాగ్ ఫొటోల కోసం, నివేదికల కోసం అధ్యాపకులు పూర్వ విద్యార్థులందరికీ ఫోన్లు చేసే దృశ్యం చాలా ప్రాంగణాల్లో మామూలే. క్లబ్ సైట్ సరిగా ఉంటే ఆ అగచాట్లు సగం తగ్గుతాయి. అయినా సైట్‌ను కాలేజీ ఐటీ విభాగానికి అప్పజెప్పేయడం పరిష్కారం కాదు. ప్రతి వాక్యానికీ ఆమోదం కావాలంటే రాసేవాళ్లు రాయడం మానేస్తారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1999 నుంచీ విద్యార్థులే నడుపుతున్న ఎస్ఆర్‌సీఎఫ్ అనే ఏర్పాటు అక్కడి సంఘాల వెబ్‌సైట్లకు చోటిస్తోంది. బర్క్‌లీలోని ఓపెన్ కంప్యూటింగ్ ఫెసిలిటీ 1989 నాటిది. ఎంఐటీలో విద్యార్థుల కంప్యూటర్ సంఘం ఎస్ఐపీబీ 1969 నుంచీ ఉంది. ఇవి ఇన్నాళ్లు నిలవడానికి కారణం గొప్ప యంత్రాలు కావు. ప్రతి క్లబ్ విడివిడిగా తంటాలు పడకుండా, సర్వర్లు చూడటం మీదే ఆసక్తి ఉన్న ఒక సంఘం అందరి కోసం ఆ పని నెత్తిన వేసుకుంది. ఇరవై క్లబ్బులున్న విశ్వవిద్యాలయంలో ఒక్క కంప్యూటర్ క్లబ్ మిగతా పంతొమ్మిదింటి స్టాటిక్ సైట్లు చూసుకోవడం ఇక్కడా జరగగలిగిందే. మొదట సీనియర్లకు దోసెల మీద మోజు కొంచెం తగ్గాలి.

చివరికి కొన్ని క్లబ్బులు మూతపడతాయి. అది సహజం, ఒక బ్యాచ్ ఆసక్తి మరో బ్యాచ్‌కు ఉండాలని లేదు. అలాంటప్పుడు స్టాటిక్ సైట్‌కు చేయవలసింది పెద్దగా ఏమీ ఉండదు. మొదటి పేజీలో క్లబ్ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు నడిచిందో ఒక వరుస రాసి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి పేజీనీ ఒకసారి నమోదు చేయించాలి. తర్వాత ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి, సెర్న్ నడిపే జెనోడోలో పెట్టవచ్చు. 2013 నుంచీ ఉన్న ఆ భాండాగారం పరిశోధన పత్రాలకిచ్చినట్టే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తుంది, రుసుము ఏమీ లేదు. ఇంకో ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసి కాలేజీ లైబ్రేరియన్‌కు ఇచ్చి, లైబ్రరీ రిజిస్టర్‌లో నంబరు వేయించుకోవాలి. ఆ క్లబ్‌ను మళ్లీ తెరవాలనుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆ రిజిస్టర్ తిరగేస్తారు.